ఒకటో క్లాసు నీళ్ళు

గ్యాఫ్ కోవ్
మంగళవారం, పొగమంచు

నీళ్ళ ఆఫీసు కుర్చీలో ఎవరు కూర్చుంటే వారికి,

డ్రుసిల్లా పార్డీ రాయునది. లైట్‌హౌస్ దారిలో చిట్టచివరి పసుపురంగు ఇల్లు మాదే. ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఫోన్లో తిట్టిన తిట్టు గాలికి పోతుంది. కాగితం మీద తిట్టింది ఫైల్లో పడి ఉంటుంది. అందుకని రాస్తున్నాను.

విషయం ఏమిటంటే, శుక్రవారం నుంచి మా కుళాయిలో నీళ్ళు కనబడడం లేదు. రావడం లేదని కాదు. వస్తున్నాయి. చప్పుడు వినబడుతోంది, చెయ్యి పెడితే తడుస్తోంది. కనబడడం మాత్రం లేదు. గ్లాసు నిండిందో లేదో తెలియక నేల మీద పోసుకున్నాను. ఖాళీ అనుకుని కెటిల్ ఎత్తితే చెయ్యి బెణికింది. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ మన నీళ్ళు నిఖార్సైన డికాషన్ రంగులో ఉండేవి. కొండమీది బురదనేలలోంచి ఊరి వచ్చే నీళ్ళకు ఆ రంగే ఉండాలి. ఆ నీళ్ళలో ఉతికితే ఊరందరి దుప్పట్లూ ఒకే గోధుమరంగు. గాలికి ఎవరి దుప్పటి ఎవరి పెరట్లో పడినా తగాదా ఉండేది కాదు. ఇప్పుడు మా దుప్పట్లు తెల్లబడుతున్నాయి. పక్కింటి బెర్తా కంచె మీద నుంచి తొంగిచూసి, “ఏంటి డ్రుసిల్లా, కొత్తవా? నాకు చెప్పకుండానే?” అని మూతి ముడుచుకుంది.

పైగా ఆ వాసనొకటి. ఈతకొలనులో ముక్కు ముంచినట్టుంది.

నా తలుపుకు అంటించిన నోటీసు కింద “సెల్బీ రైడౌట్, తాగునీటి ఆపరేటర్, శిక్షణలో” అని సంతకం ఉంది. నువ్వు మార్జరీ కొడుకు సెల్బీవేనా? చిన్నప్పుడు ఎండ్రకాయల బుట్టలో తల ఇరికించుకుంటే ఊరంతా కలిసి వెన్న రాసి లాగాం, ఆ సెల్బీవేనా? అయితే నీతో మర్యాదగా మాట్లాడక్కర్లేదు. మా నీళ్ళ రంగు మాకు తెచ్చిపెట్టు నాయనా.

ఇట్లు,
తడినేల మీద నిలబడి,
డ్రుసిల్లా పార్డీ

తా.క. మా ఆయన ఎసౌ బతికినంతకాలం ఆ రంగు నీళ్ళే తాగాడు. చనిపోయేంతవరకూ నిక్షేపంగా ఉన్నాడు.


గ్యాఫ్ కోవ్ పురపాలక కార్యాలయం
గురువారం, ఇంకా పొగమంచే

గౌరవనీయులైన డ్రుసిల్లా అత్తకు,

సెల్బీ నమస్కరించి రాయునది. అవును అత్తా, ఆ సెల్బీనే. ఆ బుట్ట సంగతి మాత్రం ఇక ముందు రాయకండి. ఫైళ్ళు సర్దేది నేనే అయినా చదివేది మేయర్ హెడ్లీ గారు.

పీతల ఫ్యాక్టరీ మూతపడ్డాక నేను ఖాళీగా ఉన్న సంగతి మీకు తెలుసు. నీళ్ళ పనికి మనిషి కావాలని హెడ్లీ గారు నోటీసు పెడితే వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే. కొత్త వడపోత యంత్రం వచ్చింది, క్లోరిన్ కలుపుతున్నాను, అందుకే రంగు పోయింది. నీళ్ళు మరిగించి తాగండి అని ప్రభుత్వం వాళ్ళు ఊరి మొదట్లో పెట్టిన బోర్డు మీకు తెలిసిందే. నాకు మీసం రాకముందు నుంచీ ఉందది. పరీక్షలకు పంపిన నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని తేలి, నేను ఒకటో క్లాసు పాసైతే ఆ బోర్డు తీసేస్తారట. నేను మాత్రం అక్కడితో ఆగను. తర్వాత రెండో క్లాసు, మూడో క్లాసు. నాలుగో క్లాసు దాకా చదివిన ఆపరేటర్‌కు నగరాలే అప్పజెబుతారు.

ఇక మీ ఇంటి విషయం. మీకు దాచడం ఎందుకు, మీరు డెడ్ ఎండ్‌లో ఉన్నారు. చివర్న ఉన్నవాటి గురించే మాకు భయం. కదలిక లేకపోతే లోపల్లోపల పాడైపోతాయి. అందుకని మీ దగ్గర ఎప్పుడూ కాస్త మిగులు ఉండాలి. మీ దగ్గర మిగులు లేదని తెలిస్తే నాకు మాట వస్తుంది. సోమవారం స్వయంగా వచ్చి చూసుకుంటాను.

మీ విధేయుడు,
సెల్బీ రైడౌట్
తాగునీటి ఆపరేటర్, శిక్షణలో

తా.క. మన ఊళ్ళో ఈతకొలను లేదు, చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేదు. ఆ వాసన మీకెలా తెలుసు అత్తా?


గ్యాఫ్ కోవ్
బుధవారం, పడమటి గాలి

సెల్బీకి,

ఇంకా బతికే ఉన్న డ్రుసిల్లా అత్త రాయునది.

ముసలిదానికి చావు దగ్గరపడిందని చెప్పే పద్ధతి ఇదా? డాక్టరైనా కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని చెబుతాడు. నువ్వు ఆఫీసు కాగితం మీద, కింద ముద్ర వేసి మరీ, డెడ్ ఎండ్ అని రాశావు. లోపల్లోపల పాడైపోయానన్నావు. చదివి మంచం మీద కూలబడ్డాను. బెర్తా వచ్చి ఉత్తరం చదివి, “అయ్యో, ప్రభుత్వానికి కూడా తెలిసిపోయిందా!” అని ఏడుపు మొదలెట్టింది. సాయంత్రానికి పాస్టరు గారు వచ్చారు. ఏ పాట పాడించమంటావు డ్రుసిల్లా అని మెల్లిగా అడిగారు. చర్చి ఆడవాళ్ళు తలా ఒక గిన్నె తెచ్చి వంటింట్లో పెట్టారు. పోయేదాన్ని నేను కదా, నాకెందుకు వండారో తెలియలేదు. బాగున్నాయి మాత్రం. రెండో గిన్నె తిన్నాక పోయే లక్షణాలేవీ కనబడడం లేదని నాకే అనుమానం వచ్చింది.

అయినా నువ్వు మిగులు ఉంచమన్నావు కదా, నీకు మాట రాకూడదని ఆదివారం వండిన ఉప్పుమాంసం, క్యాబేజీ, పప్పుముద్ద, చేపవడలు అన్నీ మిగిల్చాను. కడుపు మాడ్చుకుని మిగిల్చాను. సోమవారం నువ్వొచ్చి ఏం చేశావు? బల్ల వైపు కన్నెత్తి చూశావా? కుళాయి మూతికి నిప్పంటించావు! ఆ తర్వాత బుల్లి సీసాలో నీళ్ళు పట్టుకుని, “వస్తానత్తా, తొందరలో ఉన్నాను” అని వెళ్ళిపోయావు. నేను కిటికీలోంచి పిలుస్తూనే ఉన్నాను. చివరికి వెనకాలే పరిగెత్తి ఆ వంటలు కట్టిన సంచీ నీ ట్రక్కు తలుపుకు తగిలించాను. చావు దగ్గరపడ్డ మనిషి అలా పరిగెత్తగలదా?

ఇంకో మాట. ఈ వయసులో ఒకటో క్లాసు ఏమిట్రా? హైస్కూలు పూర్తిచేశాడని మీ అమ్మ ఊరంతా కేకులు పంచిందే! పాపం, కొడుకు పరువు కాపాడుకోవడానికి ఎన్నాళ్ళు దాచిందో. నేను ఎవరికీ చెప్పలేదు, ఒక్క బెర్తాకు తప్ప. చర్చి ఆడవాళ్ళు చందాలు వేసుకుని నీకు రంగు పెన్సిళ్ళు, కుందేలు బొమ్మ ఉన్న సంచీ కొన్నారు. సిగ్గుపడకు. చదువుకు వయసు అడ్డం కాదు.

ఇట్లు,
మీ అత్త

తా.క. ఈతకొలను విషయం నాకూ ఎసౌకీ, పట్నంలో మేం పెళ్ళయిన కొత్తలో దిగిన హోటలు వాళ్ళకీ మధ్య ఉన్న సంగతి. నీకెందుకు?


గ్యాఫ్ కోవ్ పురపాలక కార్యాలయం
శుక్రవారం

పూజ్యురాలైన డ్రుసిల్లా అత్తకు,

మీ కాళ్ళమీద పడి క్షమాపణ అడుగుతున్నాను. డెడ్ ఎండ్‌లో ఉన్నది మీరు కాదు, పైపు. ఊరి పైపు మీ ఇంటి దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాత సముద్రమే. పాడైపోయేవి అక్కడ కదలకుండా నిలిచిన నీళ్ళు. మిగులు అంటే భోజనం కాదు, క్లోరిన్. దారిపొడుగునా సూక్ష్మక్రిములతో పోట్లాడి, మీ కుళాయి దాకా వచ్చేసరికి అది ఇంకా కాస్త మిగిలి ఉండాలి. కుళాయికి నిప్పంటించడం కూడా కోపంతో కాదు. మూతి మీది క్రిములు సీసాలోకి రాకూడదని. ఒకటో క్లాసంటే పలకాబలపం కాదు, ఆపరేటర్లకు ఇచ్చే సర్టిఫికెట్‌లో మొదటి మెట్టు. ఇదంతా నా మాట మీద నమ్మరు కాబట్టి నా పాఠ్యపుస్తకమే పంపుతున్నాను. గుర్తు పెట్టిన పేజీ చూడండి.

మీ చేపవడలు తిన్నాను. ట్రక్కులోనే, స్టీరింగ్ మీద కంచం పెట్టుకుని తిన్నాను. ఇంత బాగుంటాయని తెలిస్తే మీ కుళాయి దగ్గరకు రోజూ వచ్చేవాణ్ణి.

పెన్సిళ్ళకు చర్చి ఆడవాళ్ళకు నా కృతజ్ఞతలు చెప్పండి. ఊరి పైపుల పటం గీయడానికి పనికొస్తున్నాయి. కుందేలు సంచీ మాత్రం హెడ్లీ గారు చూశారు. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

మీ విధేయుడు,
సెల్బీ

తా.క. అత్తా, చిన్న సందేహం. సోమవారం నేను మీ ఇంట్లో ఒక ఖాళీ సీసా మరిచిపోయాను. సంచీలో చేపవడల పక్కన అలాంటి సీసాయే ఉంది. తొందరలో నేనది సరిగ్గా చూడకుండానే నీళ్ళ నమూనాల పెట్టెలో పెట్టి పరీక్షశాలకు పంపేశాను. ఇవాళ పొద్దున చూస్తే మీ కుళాయి నీళ్ళ సీసా నా సీటు కిందే ఉంది. మరి నేను పంపిందేమిటి?


గ్యాఫ్ కోవ్
మంగళవారం, ఎండ

ఒరే సెల్బీ,

నువ్వు పంపింది నా పార్ట్రిడ్జ్‌బెర్రీ పళ్ళ జాము. చక్కటి బుల్లి సీసా, మూత గట్టిది, వృథా ఎందుకని అందులో పోసి నీకు పెట్టాను. రొట్టెకు రాసుకుంటావనుకున్నాను గాని సర్కారుకు పంపుతావనుకున్నానా?

నిన్న పొద్దున తలుపు కొట్టారు. తీసి చూస్తే నిలువెల్లా తెల్ల రబ్బరు దుస్తులు, మొహానికి గాజుపలక. చంద్రుడి మీద నుంచి దిగాడేమోనని ముందు ఆకాశం చూశాను.

“అమ్మా, మీ కుళాయి ముట్టుకోకండి! ఇంట్లో అందరూ క్షేమమేనా?” అన్నాడు.

“అందరూ అంటే నేనొక్కదాన్నే. నువ్వెవరివి నాయనా, లోపల ఉక్కపోయడం లేదూ?”

“నేను ప్లోమన్‌ని, ప్రభుత్వ నీటి శాఖ. మీ కుళాయి నమూనా ఎర్రగా ఉంది. చిక్కగా ఉంది. గింజలున్నాయి! ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి నీళ్ళు చూడలేదు.”

పాపం, చెమటలు కారిపోతున్నాడు. ఆ తలకాయ తీయించి కూర్చోబెట్టాను. టిన్ను పాలు పోసి టీ ఇచ్చాను, పిండిముద్దలు నేతిలో వేయించి పైన జాము వేసి పెట్టాను. వద్దు వద్దంటూనే తిన్నాడు. మళ్ళీ పెట్టాను. వేలు నాకుతూ, “అమ్మా, ఈ జాము అద్భుతం. కొంచెం ఇంటికి పట్టుకెళ్ళొచ్చా?” అన్నాడు.

“పట్టుకెళ్ళు నాయనా. మీ ఆఫీసులో ఇప్పటికే ఒక సీసా ఉంది కదా” అన్నాను.

నములుతున్న నోరు ఆగిపోయింది. నన్ను చూశాడు, జాము చూశాడు, కుళాయి చూశాడు. మళ్ళీ తలకాయ తగిలించుకుని వెళ్ళిపోయాడు. జాము మాత్రం పట్టుకెళ్ళాడు.

తీరా ఇవాళ వచ్చిన కాగితంలో ఏముందో తెలుసా? “మానవులు సేవించుటకు పనికిరాదు.” నా జాము! చర్చి తిరునాళ్ళలో ప్రతి ఏడూ మొదటి బహుమతి కొట్టే జాము! ఆ బహుమతి రిబ్బన్లన్నీ కవర్లో పెట్టి ఆ శాఖకు పంపించాను. చూసుకోమను.

నీ పుస్తకం మొదలుపెట్టాను. మొదటి అధ్యాయం సాగదు. రెండో దాంట్లో టైఫాయిడ్ వచ్చింది, అక్కణ్ణించి కింద పెట్టబుద్ధి కాలేదు.

ఇట్లు,
మీ అత్త

తా.క. మన రంగు నీళ్ళలో ఉన్న దాంతో క్లోరిన్ కలిస్తే ఒంటికి చేటు చేసేవి పుడతాయని, అందుకే ముందు రంగు తీసేయాలని నాలుగో అధ్యాయంలో ఉంది. ఇన్నాళ్ళూ అది ఎందుకు చెప్పలేదురా ఎవరూ?


గ్యాఫ్ కోవ్ పురపాలక కార్యాలయం
గురువారం, వాన

డ్రుసిల్లా అత్తకు,

చెప్పుకోవడానికి మీరు తప్ప ఎవరూ లేరు, అందుకని రాస్తున్నాను.

జాము సంగతి తేలినా శాఖ వాళ్ళకు మన ఊరంటేనే అనుమానం పట్టుకుంది. బహుమతి రిబ్బన్లు చేరాక అది మరీ ఎక్కువైంది. “ఇక శిక్షణలో ఉన్న మనిషి చాలడు. మంచు పడేలోగా సర్టిఫికెట్ ఉన్న ఆపరేటర్ని చూపించండి, లేదా పక్క ఊరి పైపుకు కలిపేయండి” అని రాశారు. పక్క ఊరంటే కేట్స్ రెస్ట్! మన చర్చి గంట పెళ్ళికని అడిగి పట్టుకెళ్ళి, ఆ పెళ్ళి చేసుకున్నవాళ్ళ మనవలకు పెళ్ళిళ్ళయినా తిరిగివ్వని ఊరు. హెడ్లీ గారు బల్ల గుద్ది, “వాళ్ళ నీళ్ళు తాగేకన్నా వాన పడ్డప్పుడు నోరు తెరుచుకుని నిలబడతాను!” అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, “నువ్వు పాసవ్వరా బాబూ” అని బతిమాలారు. ఆయన బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. అరిచినా బాగుండేది.

పోయిన శనివారం పట్నం వెళ్ళి పరీక్ష రాశాను అత్తా. తప్పాను. వాల్వులు, పంపులు, వడపోత ఇసుక, అన్నీ చేతులకు తెలుసు. ఆ హాల్లో కుర్చీలో కూర్చోగానే చేతులు నావి కానట్టయిపోయాయి. పైపు చివర మిగులు లేకపోతే ఏం చేయాలి అని అడిగారు. మీరు బల్ల దగ్గర కంచాలు పెట్టుకుని ఎదురుచూస్తున్నట్టు కళ్ళముందు కనబడింది. తేరుకునేసరికి పక్కన మార్జిన్‌లో “అత్తకు క్షమాపణ చెప్పాలి” అని రాసి ఉంది. నా చేతిరాతే.

వచ్చే నెల మళ్ళీ పరీక్ష ఉంది. మంచు పడేలోగా అదే ఆఖరు. దయచేసి ఒక్క ఉపకారం చేయండి. నా పుస్తకం తిరిగి పంపండి. అది మీ దగ్గరే ఉండిపోయింది. మొన్న పరీక్షకు నేను కుందేలు సంచీలో పెట్టుకెళ్ళింది పైపుల కంపెనీ క్యాలెండరు.

మీ
సెల్బీ

తా.క. పాసవ్వకపోతే ఆల్బర్టా వెళ్ళిపోవాలి. మా అన్న అక్కడ చమురు బావుల్లో ఉన్నాడు. అక్కడ నాకు తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు, అక్కడి నీళ్ళు ఎలా ఉంటాయో కూడా తెలియదు.


గ్యాఫ్ కోవ్
శుక్రవారం

సెల్బీకి,

పుస్తకం పంపను. తొమ్మిదో అధ్యాయంలో ఉన్నాను. పంపు తిరగేసి బిగించాడు ఒకడు, ఏమవుతుందో చూడాలి.

నీకు కావాలంటే నువ్వే రా. రోజూ మధ్యాహ్నం, పని అయ్యాక. బూట్లు గుమ్మం బయట విప్పు. నేను ప్రశ్న అడుగుతాను, నువ్వు చెబుతావు. సరిగ్గా చెబితే టీ. తప్పు చెబితే బెర్తా చేసిన టీ.

ఆల్బర్టా పేరు నా ఇంట్లో ఎత్తకు. ఈ వీధిలో ఇప్పటికే ఆ పేరు చెప్పి నాలుగిళ్ళ వాళ్ళు కిటికీలకు చెక్కలు కొట్టి వెళ్ళిపోయారు.

ఇట్లు,
మీ అత్త

తా.క. బెర్తా కూడా కూర్చుంటానంటోంది. ఆమెకు నీళ్ళంటే ఆసక్తి ఏమీ లేదు. నువ్వు తప్పు చెప్పినప్పుడు నా మొహం చూడాలట.


పడవ రేవు, మిసెస్ ఒసెకన్ బస
ఆదివారం, ఈదురుగాలి

డ్రుసిల్లా అత్తకు,

చెప్పకుండా వచ్చేశాను. మీ గుమ్మం దాకా వచ్చాను గాని బూట్లు విప్పే ధైర్యం లేకపోయింది.

మళ్ళీ తప్పాను. మీ వంటింట్లో నిద్రలో లేపి అడిగినా చెప్పే జవాబులు. మీరు గరిటె ఊపుతూ, “వడపోత ఇసుక ఎప్పుడు కడగాలిరా?” అంటే నోట్లో ముద్ద మింగకుండానే చెప్పేవాణ్ణి. బెర్తా పిన్ని టీ తాగాల్సి వచ్చింది మొదటివారం మాత్రమే. కానీ ఆ హాల్లో పరీక్ష పెట్టే ఆయన గడియారం చూసి “మొదలుపెట్టండి” అన్నాడో లేదో, బుట్టలో తల ఇరుక్కున్నప్పటిలాగే అయిపోయింది. ఇంకో రెండు జవాబులు సరిగ్గా పెట్టి ఉంటే పాసయ్యేవాణ్ణట. ఆ మాట వాళ్ళు చెప్పకపోయినా బాగుండేది.

హెడ్లీ గారి బల్ల మీద రాజీనామా పెట్టి వచ్చాను. మంగళవారం ఊరి సమావేశంలో కేట్స్ రెస్ట్ వాళ్ళ ఒప్పందం మీద సంతకం పెడతారు. నేను ఆ గదిలో ఉండలేను అత్తా. కొండమీద ఆ యంత్రం ముందు కూర్చుని గాజుగొట్టంలో నీళ్ళు తేటపడడం చూస్తుంటే, నా జన్మలో మొదటిసారి నేనొక పని బాగా చేస్తున్నాననిపించేది. పీతల ఫ్యాక్టరీలో ఎప్పుడూ అలా అనిపించలేదు.

గాలి తగ్గేదాకా పడవ కదలదట. ఈ ఉత్తరం సరుకుల ట్రక్కు నడిపే గార్లండ్ చేతికి ఇచ్చి పంపుతున్నాను.

ఒక్క పని అప్పజెప్పి పోతున్నాను. మీ ఇంటి ముందు రాతిగోడ పక్కన ఇనప మూత ఉంటుంది. దాని కింది వాల్వు అప్పుడప్పుడు తిప్పి నీళ్ళు సముద్రంలోకి వదలాలి, లేకపోతే పైపు చివర నిలవ ఉండిపోతాయి. తాళంచెవి మీ మెట్ల కింద పెట్టాను.

సెలవు,
సెల్బీ

తా.క. కిందటి ఉత్తరాల్లో “తాగునీటి ఆపరేటర్, శిక్షణలో” అని రాసుకున్నాను. దయచేసి అది కొట్టేయండి.


గ్యాఫ్ కోవ్ పురపాలక కార్యాలయం, నీటి విభాగం
బుధవారం, ఎండ

గౌరవనీయులైన సెల్బీ రైడౌట్ గారికి,

విషయం: తమరి రాజీనామా.

తమరు ఇచ్చిన రాజీనామా ఈ కార్యాలయమునకు చేరినది. పరిశీలించి తిరస్కరించడమైనది. నిబంధనల ప్రకారం నీటి విభాగంలో ఎవరు మానుకోవాలన్నా బాధ్యత గల ఆపరేటర్ అనుమతి ఉండాలి. బాధ్యత గల ఆపరేటర్ అనుమతి ఇవ్వడం లేదు. బాధ్యత గల ఆపరేటర్ని నేను.

నీ మొహం ఎలా ఉందో నాకు ఇక్కణ్ణించే కనబడుతోంది. నోరు మూసుకుని చదువు.

నువ్వు రెండోసారి పరీక్షకు బస్సెక్కిన రోజున, పళ్ళ డాక్టరు దగ్గరకని చెప్పి బెర్తా ట్రక్కులో నేనూ పట్నం వచ్చాను. నువ్వు కింద హాల్లో చెమటలు తుడుచుకుంటున్నప్పుడు నేను మేడమీద గదిలో ఉన్నాను. పెద్దక్షరాల ప్రశ్నపత్రం అడిగినవాళ్ళను అక్కడ కూర్చోబెడతారు. నేనొక్కదాన్నే ఉన్నాను. గుమ్మంలో ఒక అమ్మాయి ఆపి, “అమ్మమ్మా, మనవడి కోసం వచ్చారా? కింద బెంచీ ఉంది, కూర్చోండి” అంది.

“మనవడు లేడు. పరీక్ష నాదే” అన్నాను.

“ఇది తాగునీటి ఆపరేటర్ పరీక్షండీ.”

“తెలుసమ్మా. నేను టీ పరీక్షకని వచ్చాననుకున్నావా?”

అనుభవం అనే చోట, పెళ్ళికి ముందు ఉప్పుచేపల కార్ఖానాలో పంపు గది నడిపిన ఏళ్ళు రాశాను. అది సాగుతుందా అని ప్లోమన్‌ని ముందే అడిగాను. నన్ను ఫోన్లో ఉంచే నిబంధనల పుస్తకమంతా తిరగేశాడు. చివరికి, “మీకు కాదని చెప్పే ఓపిక ఈ శాఖలో ఎవరికీ లేదమ్మా” అన్నాడు.

నిజం చెబుతున్నాను, నిన్ను మించిపోదామని రాయలేదు. నీకు జవాబులు వచ్చునని నాకు తెలుసు. ఆ గదిలో అవి నోట్లోంచి రావని కూడా తెలుసు. ఇద్దరం రాస్తే ఒకరైనా గట్టెక్కుతాం అనుకున్నాను. నీకు చెబితే నువ్వు నా గురించి కూడా భయపడేవాడివి. ఒకడికి ఒక భయం చాలు.

నిన్న సమావేశంలో కేట్స్ రెస్ట్ మేయరు వెండి కలం తెచ్చుకుని కూర్చున్నాడు. హెడ్లీ కలం అందుకున్నాడు గాని చెయ్యి ముందుకు సాగడం లేదు. నేను వెళ్ళి ఆ కాగితాల మీద నా సర్టిఫికెట్ పెట్టాను. పొద్దున్నే టపాలో వచ్చింది.

“ఏమిటిది డ్రుసిల్లా?” అన్నాడు హెడ్లీ.

“సర్టిఫికెట్ ఉన్న ఆపరేటర్ని చూపించమన్నారు కదా. చూడండి. కావాలంటే చుట్టూ తిరిగి కూడా చూపిస్తాను.”

కేట్స్ రెస్ట్ ఆయన గొంతు సవరించుకుని, “ఈమె వయసెంత?” అన్నాడు.

“మీరు మా గంట పట్టుకెళ్ళిన ఏడాది నేను హైస్కూల్లో ఉన్నాను. లెక్క మీరే వేసుకోండి” అన్నాను. బెర్తా చప్పట్లు కొట్టింది, ఆ వెనక గదంతా కొట్టింది. హెడ్లీ కళ్ళు తుడుచుకున్నాడు. జలుబట.

అంతవరకూ బాగానే ఉంది. సమావేశం నుంచి వచ్చి నువ్వు చెప్పిన వాల్వు తిప్పాను. ఎటు తిప్పాలో రాయలేదు నువ్వు. నీ పుస్తకంలో కుడివైపని ఉంది, కానీ ఇది మన ఊరి వాల్వు. నీళ్ళు సముద్రానికి బదులు బెర్తా ఇంటికి వెళ్ళాయి. ఆమె నేలమాళిగలో బంగాళదుంపలు ఈత కొడుతున్నాయి. ఆమె కోళ్ళు కప్పు మీద ఉన్నాయి. బెర్తా నాతో మాట్లాడడం మానేసింది, కంచె అవతల నిలబడి గట్టిగా మాట్లాడకుండా ఉంటోంది. కాబట్టి నాయనా, కాగితం నా దగ్గర ఉంది గాని చేతులు నీ దగ్గరున్నాయి. నిన్ను ఈ విభాగంలో ముఖ్య సహాయకుడిగా నియమించడమైనది. వసంతంలో మళ్ళీ ఒకటో క్లాసు రాస్తావు. పెద్దక్షరాల పేపరు అడుగు, మేడమీద గది ఖాళీగా ఉంటుంది, గడియారం లేదు, కిటికీలోంచి సముద్రం కనబడుతుంది. నేను రెండో క్లాసుకు కడతాను. పక్క కుర్చీలో కూర్చుంటాను.

గార్లండ్ ట్రక్కు రేవు దగ్గర నిన్ను ఎక్కించుకోవడానికి ఆగుతుంది. పడవ వచ్చేసినా ఎక్కకు. ఇది అత్త మాట కాదు, అధికారి ఉత్తర్వు.

ఇట్లు,
డ్రుసిల్లా పార్డీ
తాగునీటి ఆపరేటర్, ఒకటో క్లాసు

తా.క. ఇది రాస్తుండగా ప్లోమన్ ఫోన్ చేశాడు. నువ్వు వెళ్ళేముందు పంపిన నీళ్ళ సీసాలన్నీ శుభ్రంగా ఉన్నాయట. ఊరి మొదట్లో బోర్డు తీసేసుకోవచ్చట, ఇక మరిగించకుండానే తాగొచ్చట. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఆ నీళ్ళు చేసింది నువ్వు, ఆ మాట చెప్పాల్సింది నువ్వే. తొందరగా రా సెల్బీ. బెర్తా కంచె దగ్గరే నిలబడి ఉంది, నేనేమో నోరు కట్టుకుని ఎంతోసేపు ఉండలేను.